రెన్ వద్దన్న కంచె

లండన్‌లో సెయింట్ పాల్స్ కెథీడ్రల్‌కి వెళ్ళినవాళ్ళు తలెత్తి గోపురం చూస్తారు. ఆవరణ చుట్టూ అక్కడక్కడా మిగిలిన నల్లటి ఇనప ఊచల్ని ఎవరూ పట్టించుకోరు. ఆ గోపురం కట్టిన క్రిస్టఫర్ రెన్‌కి మాత్రం ఆ ఊచలంటే అస్సలు గిట్టేది కాదు.

1710లో కంచె పని మొదలయ్యేటప్పటికి ఆయనకి 78 ఏళ్ళు. నిర్మాణం నత్తనడక నడుస్తోందని పార్లమెంటు 1697లోనే ఆయన జీతంలో సగం ఆపేసింది. కంచె విషయంలోనూ ఆయన మాట చెల్లలేదు. ఆయన కోరింది చేత ఇనుము, అంటే కమ్మరి ఎర్రగా కాల్చి సుత్తితో సాగగొట్టేది. చర్చి లోపల జాఁ తిజూ చేసిన ఇనప తెరలు చూస్తే ఆ కోరిక ఎందుకో తెలుస్తుంది. కంచె ఎత్తు పెరిగితే కట్టడం కనపడదన్నది ఆయన రెండో అభ్యంతరం. కమిషనర్లు వినలేదు. పోత ఇనుమే అన్నారు. ఒక్క అచ్చు ఉంటే చాలు, ఒకేలాంటి ఊచలు ఎన్నైనా పోసుకోవచ్చు.

కంటికి సంబంధించినంత వరకు నేను రెన్ పక్షమే. కానీ ఆ ఊచలు పుట్టిన చోటు తెలిశాక వాటిని తీసిపారెయ్యలేం. లండన్‌కి దక్షిణాన, వీల్డ్ అడవుల్లోని లాంబర్‌హర్స్ట్‌లో వాటిని పోతపోశారు. ఫిరంగులు పోసి పేరు తెచ్చుకున్న ప్రాంతం అది. కర్రబొగ్గు మండించి ఇనుము కరిగించేవాళ్ళు. ఈ కంచెకి దాదాపు 200 టన్నుల ఇనుము పట్టింది, ఖర్చు 11,000 పౌండ్లు దాటింది. సరిగ్గా అంతకు ముందటేడే, 1709లో, కోల్‌బ్రూక్‌డేల్‌లో ఏబ్రహం డార్బీ కర్రబొగ్గు బదులు కోక్‌తో ఇనుము తీశాడు. ఇక అడవితో పనేముంది? మరో వందేళ్ళకి వీల్డ్ కొలిములు దాదాపు అన్నీ చల్లారిపోయాయి.

రెన్ 1723లో పోయాడు. పడమటి ముఖద్వారం ముందున్న ఊచల్ని 1874లో పీకేశారు. వాటిలో కొన్నిటిని జాన్ హోవర్డ్ అనే టొరొంటో ఆర్కిటెక్టు కొని ఓడెక్కించాడు. ఓడ దారిలో మునిగింది! నీళ్ళలోంచి దక్కినవాటిని తెప్పించుకుని, హై పార్క్‌లో తనకీ భార్యకీ కట్టించుకున్న సమాధికి కంచెగా పెట్టించాడు. మీలో టొరొంటోవాళ్ళెవరైనా ఉంటే, ఈసారి చెర్రీ పూలు చూడ్డానికి హై పార్క్ వెళ్ళినప్పుడు కోల్‌బోర్న్ లాడ్జ్ వైపు కాస్త నడవండి. ఆ ఊచలు అక్కడున్నాయి.