బస్రా తాత పేరు



మా గ్రామచావడి గోడలో నొక చలువరాతి పలక కలదు. 1914 మొదలు 1919 వఱకు జరిగిన మహాయుద్ధమునకు ఈ గ్రామమునుండి 11 మంది పోయిరనియు, వారిలో ఇద్దఱు ప్రాణములు విడిచిరనియు దానిపై ఇంగ్లీషున చెక్కియున్నది. ఇట్టి పలకలు నాటి చెన్నరాజధానిలో పెక్కు గ్రామములందు నిలుపబడినవి. మీ యూరిలోను ఉండవచ్చును. సున్నపుపూత క్రింద దాగియున్నదేమో చూడుడు. ఎందఱు పోయిరో, ఎందఱు రాలేదో ఆ రాయి చెప్పును. ఎవరు పోయిరో చెప్పదు.

తిరిగిరాని ఆ యిద్దఱిలో నొకడు మా తాతగారి తమ్ముడు. ఇంటిలో చిన్నబ్బాయి యనెడివారట. పోయిన పిమ్మట ‘బస్రా తాత’ యయ్యెను. మా తండ్రిగారు పసివాడై యుండగనే తాతగారును గతించిరి. ఆయనతోడనే తమ్ముని అసలు పేరును పోయినది. ఏటేట పెద్దల అమావాస్యనాడు పురోహితుడు పేర్లడుగగా, తండ్రిగారు అందఱి పేర్లును చెప్పి, ఒక్కచోట ఆగెడివారు. ఆ యొక్కనికి పేరులేని నీళ్ళే విడిచిరి. నా బాల్యమున ఆయననుగూర్చి నేను వినినవి మూడు మాటలు: తండ్రితో తగవుపడి వెళ్ళెను, ఓడ యెక్కెను, పరదేశపు ఏటిలో మునిగిపోయెను.

నా మనుమడు వంశవృక్షము వ్రాయబూని, ఆ కొమ్మకు పేరేమని నన్నడిగెను. చెప్పలేక సిగ్గుపడితిని. నాటినుండి వెదకుట మొదలిడితిని.

ఆ యుద్ధమున పనిచేసిన సిపాయికి బ్రిటిషు ప్రభుత్వమిచ్చిన పతకము అంచుపై అతని సంఖ్య, హోదా, పేరు, దళము వరుసగా చెక్కియుండును. ఆ యొక్క వరుస దొరకినచో సగము పని యైనట్లే. మా యింటికి వచ్చిన పతకమును తాతమ్మ కంసాలికిచ్చి మా మేనత్తకు కాళ్ళకడియములు చేయించినది. కొడుకు పోయిన యింట వెండిబిళ్ళ నెవరు చూచుకొని మురియుదురు? అక్షరములు మూసలో కరగిపోయినవి. అయినను ఆ కడియములే నాకొక సాక్ష్యమిచ్చినవి. కూలిదళములవారికి సామాన్యముగ కంచుపతకములే యిచ్చిరి. మాది వెండిది గనుక, ఆయన కూలిగా గాక సిపాయిగనే చేరియుండునని తలచితిని.

పేరు మాత్రము అటకమీద దొరకినది. పాత గింజలకుండపై మూతగా నున్న యొక కంచుబిళ్ళను చింతపండుతో తోమగా అక్షరములు పైకి తేలినవి. సుమారు 5 అంగుళముల వెడల్పు. నడుమ బ్రిటానియా దేవియు, సింహమును. మరణించినవారి కుటుంబములకు పంపబడిన జ్ఞాపికయది. స్వేచ్ఛకొఱకును గౌరవముకొఱకును ఇతడు మరణించెనని చుట్టును ఇంగ్లీషువాక్యము. పరప్రభుత్వము క్రిందనున్న పల్లెనుండి పోయిన పిల్లవానిగూర్చి యీ మాట! ఆ బిళ్ళను చాలసేపు చేతిలో పట్టుకొని కూర్చుంటిని. ఒక్క మేలు గలదు. హోదా లేకుండ పేరుమాత్రమే పోతపోయుట ఆ బిళ్ళల పద్ధతి. దొరకును జవానుకును అచ్చు ఒకటే.

పేరు దొరకినంతమాత్రమున మనిషి దొరకడు. సేనలోని గుమాస్తా మన పేర్లను తన చెవికి వినబడినట్లు వ్రాసికొనును. వెంకటస్వామి యను నొక్క పేరే నాలుగైదు విధముల కనబడును. ఇంటిపేరును వదలి, తండ్రిపేరుతో సరిపెట్టుట తఱచు. దీనికితోడు జిల్లాలు మాఱినవి. మా గ్రామము తణుకు తాలూకాలోనిది. పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడినది 1925లో; ఆ యుద్ధకాలమున తణుకు తాలూకా కృష్ణాజిల్లాలో నుండెను. నేను గోదావరి యని వెదకినన్నినాళ్ళును ఏమియు దొరకలేదు. తాతల కాగితములు వెదకువారు తాతలనాటి సరిహద్దులను ముందుగ తెలిసికొనవలెను.

1917లో ఏర్పడి, నేడు కామన్వెల్తు యుద్ధసమాధుల కమిషన్ అని పిలువబడు సంస్థవారి పట్టికలను ఇప్పుడు ఎవరైనను కంప్యూటరుపై చూడవచ్చును. కృష్ణాజిల్లా యని మార్చి, మా యూరి పేరును తప్పుగ వ్రాసి చూడగా, ఆయన కనబడెను. మద్రాసు సాపర్లు-మైనర్ల దళము. తండ్రిపేరు మా ముత్తాతదే. మరణము 1916 జూలై. స్మారకము బస్రా.

ఏటిలో మునుగుటను నేనిప్పుడు నమ్మజాలను. 1916 ఏప్రిల్ 29న కూత్‌లోని సైన్యము తురుష్కులకు లొంగిపోయెను. టైగ్రిసు నదిని షుమ్రాన్‌వద్ద దాటినది 1917 ఫిబ్రవరి 23న. నడుమనున్నది ఆ వేసవి. అప్పుడు సైనికులను చంపినది తుపాకి కన్న ఎండదెబ్బయు, అతిసారమును, కాయగూరలు దొరకక వచ్చిన స్కర్వీయును. పొలము నీరుపెట్టి పెరిగినవాడు ఒక తోటకూరకట్ట లేక పోయెనని తాతమ్మకు ఎవరు చెప్పగలరు? ఏరే నయమనుకొనియుందురు.

బస్రాలోని స్మారకము 1929లో ఆవిష్కరింపబడినది. సమాధి తెలియని 40 వేలకు పైబడిన వారికై కట్టినది. 1997లో దానిని అచ్చటినుండి పెకలించి నాసిరియా త్రోవలో ఎడారియందు మరల నిలిపిరి. రాతిపై బ్రిటిషువారి పేర్లు కలవు, భారతీయ అధికారుల పేర్లు కలవు. మన సామాన్య సిపాయిలకు దళముపేరు క్రింద ఒక అంకె. మా చావడి పలక అంతదూరము పోయినట్లు తోచినది. 2021లో ఆ కమిషనే ప్రకటించిన నివేదిక ఈ తేడాను ఒప్పుకొనినది: మనవారు, ఆఫ్రికావారు మొదలగు 45,000 మొదలు 54,000 మంది వఱకు సమానముగా స్మరింపబడలేదనియు, మఱి కనీసము 1,16,000 మందికి పేరుతో స్మరణయే లేదనియు.

ఆ పట్టికలోనే మా యూరి పేరుతో మఱియొక సిపాయి కనబడెను. పలకపైనున్న రెండవవాడన్నమాట. తండ్రిపేరునుబట్టి ఊరిచివర పేటలోని యొక కుటుంబమువాడని తెలిసి, కాగితము తీసికొని పోయితిని. గొప్ప వార్త తెచ్చితినని నాకు లోలోన గర్వముగనే యుండెను. అరుగుపై కూర్చున్న ముసలమ్మ పేరు వినగనే తల యెత్తినది.

“ఆ పేరు మాకు తెలియకపోవటమేంటి బాబూ? మా మామగారి అన్నది. మా ఇంట్లో పుట్టిన పెద్దోడికల్లా ఆ పేరే పెడుతున్నాం. మా మనవడిదీ అదే” అన్నది.

నేను కాగితము మడచితిని. ఆమె కొంతసేపాగి, అక్కడ ఆ రాతిమీద పేరు రాశారా అని అడిగినది. లేదంటిని.