ఏడాది పాటు వచ్చిన ఆకాశపాఠం

బడిలో యంత్రం ఉండాలా వద్దా అన్న వాదన నేడు సెల్‌ఫోన్, ఏఐ చుట్టూ తిరుగుతోంది గానీ, యంత్రం మన పల్లె బడులకు యాభై ఏళ్ల కిందటే వచ్చింది. 1975 ఆగస్టు 1న ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపే సైట్ ప్రయోగం మొదలైంది. నాసా వారి ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాది పాటు వాడుకోనిచ్చేలా 1969లో అంతరిక్ష శాస్త్రవేత్త విక్రం సారాభాయ్ హయాంలోనే ఒప్పందం కుదిరింది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లలో టీవీలు పెట్టారు. పది అడుగుల డిష్ యాంటెనాకు వాడింది కోళ్లగూళ్లకు కట్టే ఇనుప వల లాంటిదే. కరెంటు లేని కొన్నిచోట్ల బ్యాటరీలతో నడిపారు. పొద్దున పిల్లలకు ఒక్కో భాషలో ఇరవై రెండున్నర నిమిషాల పాఠం, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. తెలుగు కార్యక్రమాలు తయారైంది హైదరాబాద్‌లో.

ఈ ప్రయోగాన్ని మెచ్చుకునేవారు సాంకేతిక విజయాన్ని చూస్తారు. ఆ మెప్పు న్యాయమే: మారుమూల ఊరికి నేరుగా ఉపగ్రహం నుంచి బొమ్మ అందించడం అప్పటికి ప్రపంచంలోనే అరుదు. కానీ బడి వైపు నుంచి చూస్తే ప్రశ్న వేరు. పాఠం ఎప్పుడు మొదలవ్వాలో పంతులుగారు కాదు, ఉపగ్రహం నిర్ణయించింది. పిల్లవాడికి అర్థం కాకపోతే ఆపి మళ్లీ చెప్పించే వీలు లేదు. బడిలో టీవీ పెట్టినచోట దాని బాగోగుల భారం కూడా చాలావరకు పంతులుగారి మీదే. పైగా అది ఎమర్జెన్సీ కాలం. సర్కారు పెట్టెలో ఏం రావాలని ఊరివాళ్లు అడగగలిగిన రోజులు కావు. 1976 జులై 31న ప్రసారం ఆగిపోయింది. యంత్రం మంచిదా చెడ్డదా అన్నదాని కంటే, అది పోయాక ఆ బడికి జవాబుదారీ ఎవరన్నదే అసలు నైతిక ప్రశ్న అని నా వాదన.

దీనికి బలమైన జవాబే ఉంది. ఏడాదే అని ముందే చెప్పారు, ఎవరినీ మోసం చేయలేదు. ఈ ప్రయోగమే 1983 నాటి ఇన్సాట్-1బి ఉపగ్రహానికి దారి వేసింది. దాదాపు 50 వేల మంది ఉపాధ్యాయులకు టీవీ ద్వారా సైన్సు శిక్షణ దక్కింది కూడా. ఇవన్నీ నిజాలే. అయితే ముందే చెప్పింది ఎవరికి? ఒప్పందం మీద సంతకాలు చేసినవారికి. పాఠాలు చూసిన పిల్లలకు కాదు. ప్రయోగం వల్ల ఇంజనీర్లకు అనుభవం మిగిలింది, దేశానికి సొంత ఉపగ్రహం దక్కింది. ఊరికి మిగిలింది నల్లటి తెర. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ మొదలైనా, నేల మీది ట్రాన్స్‌మిటర్ అందుకోగలిగే దూరం కొద్దిపాటిది కనుక దాని పరిధిలో పడని ఊళ్లకు ఆ లోటు లోటుగానే ఉండిపోయింది. లాభం ఒకచోట, నష్టం ఇంకొకచోట పడినప్పుడు, ఒప్పందం పారదర్శకంగా ఉందన్నంత మాత్రాన లెక్క సరిపోదు.

ఈ లెక్కే మళ్లీ మళ్లీ తిరిగి వస్తోంది. కరోనాతో బడులు మూతపడి, 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు మొదలైనప్పుడు, ఇంట్లో టీవీ లేని పిల్లవాణ్ని పక్కింటికో పంచాయతీ ఆఫీసుకో చేర్చే పని ఉపాధ్యాయులదైంది. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో ముఖం చూపి హాజరు వేసే యాప్‌ను సొంత ఫోన్లలో పెట్టుకోమన్నప్పుడు ఉపాధ్యాయ సంఘాలు అభ్యంతరం చెప్పాయి. కొందరు ఆ అభ్యంతరాన్ని పని ఎగ్గొట్టే ఎత్తుగా చూశారు. యంత్రం పెట్టమనేవారు ఒకరు, ఖర్చూ చాకిరీ భరించేవారు ఇంకొకరు అయినప్పుడు ఎదురు ప్రశ్న రావడం సహజం. సైట్ నాటి ఊళ్లకు ఆ ప్రశ్న వేసే సంఘం కూడా లేదు.