ఆవిరి పద్దులో మంచు లెక్క

మార్చి 21 ప్రపంచ హిమానీనదాల దినోత్సవం. ఆ వారానికి ఏదైనా రాయమన్నారు సంపాదకులు. ధ్రువాల్లో ఏటా ఎంత మంచు కురుస్తుందన్న ప్రశ్న చిన్నదే కదా అని ఒప్పుకున్నాను.

ఆ లెక్కకు చివరికి గాలిలోని తేమే ఆధారమైంది కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను. 1783లో జెనీవా పండితుడు సోస్యూర్ మనిషి వెంట్రుకతో గాలిలో తేమ కొలవడం గురించి పుస్తకం వేశాడు. తడికి వెంట్రుక సాగుతుంది, అంతే కిటుకు. అక్కడి నుంచి ఓ వందేళ్లు దాటేద్దాం. పలు దేశాలు కలిసి ధ్రువాలను పరిశీలించిన 1882-83 తొలి ధ్రువ సంవత్సరంలోనూ మంచు ఫలకాల నడిబొడ్డున ఒక్క కేంద్రమూ పెట్టలేదు. పెట్టినా, మంచును డబ్బాలో పట్టడం అయ్యే పనా? కురిసేది గాలికి డబ్బా దాటిపోతుంది, నిన్నటిది లేచొచ్చి అందులో పడుతుంది.

నాకు మోజంతా 1930 మీదే. గ్రీన్‌లాండ్ మధ్యలో, తీరానికి 400 కిలోమీటర్ల దూరాన, ఐస్‌మిట్టె అనే పరిశోధన కేంద్రం. మంచులో తొలిచిన గుహలో గియోర్గి, సోర్గే అనే ఇద్దరు జర్మన్లు. అక్టోబర్ 30న వెగెనర్, లోవె, గ్రీన్‌లాండ్ వాసి విల్లుమ్సెన్ వాళ్లను చేరారు. ఖండాలు కదులుతాయన్న వెగెనరే ఈయన. నవంబర్ 1న, సరిగ్గా తన యాభయ్యో పుట్టినరోజున, విల్లుమ్సెన్‌తో తిరుగుముఖం పట్టాడు. ఇద్దరూ తీరం చేరలేదు. గుహలో ఉండిపోయిన లోవె కాలివేళ్లు చలికి చచ్చుబడితే గియోర్గి జేబుకత్తితో కోసేశాడు. మత్తుమందు లేదు. సోర్గే మాత్రం ఆ శీతాకాలమంతా కిందికి తవ్వుతూనే ఉన్నాడు, 15 మీటర్లు. గోడలో పొర పొరకూ బరువు తూచి ఏ ఏడు ఎంత కురిసిందో రాసుకున్నాడు. అంతకుముందే, 1930 జనవరిలో, రష్యాలో మొల్చనోవ్ పైగాలి కొలతలను కిందికి పంపే రేడియో కట్టిన బెలూన్ ఎగరేశాడు. గుహలోని వాళ్లకు దాంతో పనిపడలేదు.

వేళ్లు పోయిన లోవె ఊరుకున్నాడా? యూదుడు కావడంతో జర్మనీ విడిచి మెల్‌బోర్న్ చేరాడు. 1951లో అంటార్కిటికాలోని అడెలీ తీరానికి వెళ్లి, గాలి ఎత్తుకుపోయే మంచును కొలుస్తూ కూర్చున్నాడు!

1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరంలో అంటార్కిటికా చుట్టూ గాలిని, తేమను కొలిచే అలాంటి బెలూన్లు లేచాయి. అప్పుడు కుదిరింది జమాఖర్చు: ఖండం మీదికి గాలి తెచ్చిన ఆవిరిలోంచి బయటికి పోయినది తీసేస్తే, మిగిలిందే కురిసిన మంచు (తిరిగి ఆవిరైపోయినది పోను). కిందపడే మంచును ముట్టుకోనక్కర్లేదు. ధ్రువ వాతావరణ శాస్త్రవేత్త డేవిడ్ బ్రామ్‌విచ్ వంటివాళ్లు దీన్ని సానబెట్టారు. కానీ రెండు పెద్ద అంకెల మధ్య తేడా చిన్నది, కొలతలో ఏ కాస్త తప్పినా లెక్క తారుమారు. కేంద్రాలు దూరం దూరం. చలికి తేమ పరికరం మొద్దుబారుతుంది.

ఇక్కడి నుంచి కథ చెదిరిపోతుంది. కంప్యూటర్ నమూనాలు వచ్చాయి, ఒకదాని లెక్క మరొకదానికి పొసగదు. 2006లో ఎగిరిన క్లౌడ్‌శాట్ ఉపగ్రహపు రాడార్ అంటార్కిటికాకు ఏటా 171 మిల్లీమీటర్ల నీటికి సరిపడా మంచు అంది. అయితే అది 82 డిగ్రీలు దాటి దక్షిణంగా చూసేది కాదు, నేలను ఆనుకున్న కిలోమీటరు పైచిలుకూ దానికి కనిపించేది కాదు. 2024లో ఎర్త్‌కేర్ అనే ఉపగ్రహం మీద మరో రాడార్ పైకెళ్లింది.