కమోడ్ల ఫ్యాక్టరీలో కళాకారులు

శానిటరీ సామాను కొట్టు నడిపినన్నాళ్లూ కోహ్లర్ అంటే నాకు ఖరీదైన కుళాయిల కేటలాగే. ఆ కంపెనీ ఫ్యాక్టరీలో యాభై ఏళ్లుగా కళాకారులు పనిచేస్తున్నారని కొట్టు మూసేశాకే చదివాను.

అమెరికాలోని విస్కాన్సిన్‌లో 1873లో పుట్టిన కంపెనీ అది. పదేళ్లకు దాని వ్యవస్థాపకుడు జాన్ మైకేల్ కోహ్లర్ పశువుల తొట్టికి ఎనామిల్ పూయించి స్నానాల తొట్టిగా అమ్మాడట. వ్యాపారి అంటే ఆయనే! ఆయన మనవరాలు రూత్ అదే రాష్ట్రంలోని షెబాయ్‌గన్‌లో కళాకేంద్రం నడిపేది. అప్పట్లో కంపెనీ పగ్గాలు ఆమె అన్న చేతిలో ఉండేవి. ఆమె చొరవతో 1974లో జాక్ ఎర్ల్, టామ్ లడూసా అనే ఇద్దరు సెరామిక్ కళాకారులు ఆ ఫ్యాక్టరీ పింగాణీ విభాగంలో అడుగుపెట్టారు.

అక్కడ పలచటి మట్టి కలుపును ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అచ్చులో పోస్తారు. ప్లాస్టర్ తడి పీల్చేకొద్దీ గోడకు మట్టి పొర కడుతుంది. చాలినంత మందం రాగానే మిగతాది వంపేస్తారు. అచ్చు విప్పితే పచ్చి కమోడు. ఎప్పుడు వంపాలన్నది కళాకారులు పక్కన నిలబడ్డ కార్మికుడిని అడిగి తెలుసుకోవాల్సిందే. ఇక దాన్ని కాల్చడానికి ఫ్యాక్టరీలో ఉన్నంత పెద్ద బట్టీలు ఆర్ట్ కాలేజీలో ఎక్కడివి?

మట్టి, చోటు, భత్యం కంపెనీవి. బదులుగా ఒక కళాఖండం కంపెనీకి. దీన్ని దానమనను, ఇద్దరికీ గిట్టిన బేరం.

ఆ ఫ్యాక్టరీలో పనిచేసిన ఆన్ ఎజీ తర్వాత కళాకేంద్రంలో మగవాళ్ల మరుగుదొడ్డిని నీలం, తెలుపు బొమ్మలతో నింపింది. యూరినళ్లనూ వదల్లేదు. ముట్టుకోవద్దని బోర్డు పెట్టడానికి వీల్లేని ప్రదర్శన అది.