చర్మంపై నలుపు: జొన్నరొట్టె నుంచి క్రీము ట్యూబు దాకా

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలలో ముఖంమీద నల్లమచ్చలు కనబడగానే చాలామంది చేసే మొదటి పని మందుల దుకాణానికి వెళ్ళి ఒక ట్యూబు కొనుక్కోవడం. ఆ మచ్చ ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. వైద్యశాస్త్ర చరిత్ర నేర్పే క్రమం ఇందుకు విరుద్ధమైనది. ముందు కారణం, తరువాత మందు. ఆ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన ప్రాంతపు ప్రధానాహారమైన జొన్నకు సంబంధించినది. కనుక పాఠకులు దానిని తెలుసుకోవడం అవసరమని నా అభిప్రాయం.

చర్మానికి రంగునిచ్చే పదార్థం మెలనిన్. ఎండ, హార్మోన్లు, ఒరిపిడి, వాపు, పోషకాహార లోపం, కొన్ని మందులు దాని ఉత్పత్తిని పెంచగలవు. అందుచేత చర్మం నల్లబడటం ఒక వ్యాధి పేరు కాదు. అనేక కారణాలకు ఉమ్మడి లక్షణం.

కరవు సీమలో కంచం

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే వరకు ఆదోని తాలూకా బళ్ళారి జిల్లాలో భాగం. 1876–78 నాటి మహాక్షామం మద్రాసు రాజధానిలో తీవ్రంగా దెబ్బతీసిన జిల్లాలలో బళ్ళారి ఒకటి. అప్పుడు సర్ రిచర్డ్ టెంపుల్ సూచనపై కరవు పనిచేసే కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు, దానితోపాటు కొద్దిపాటి చిల్లర కూలిగా నిర్ణయించారు. మద్రాసు శానిటరీ కమిషనరు డాక్టర్ కార్నిష్ దీనిని గట్టిగా వ్యతిరేకించారు. ఆ పరిమాణం కష్టజీవికి చాలదనీ, ఒట్టి ధాన్యంతో దేహం నిలువదనీ, పప్పుధాన్యాలు కూడా ఉండాలనీ ఆయన వాదం. విటమిన్ అనే మాటే పుట్టని కాలంలో ఒక వైద్యుడు కంచంవైపు చూపిన వేలు అది. ఆ వేలు సరైన దిక్కునే చూపిందని తరువాతి కాలం నిరూపించింది.

మెడ చుట్టూ నల్లని హారం

తిండికీ చర్మానికీ గల సంబంధం మొదట బయటపడినది ఐరోపాలో. 1735లో స్పెయిన్‌లో గాస్పర్ కసాల్ అనే వైద్యుడు మొక్కజొన్న తిని బతికే పేద రైతులలో ఒక వింత వ్యాధిని గమనించాడు. ఎండ తగిలే ముంజేతులు, పాదాల పైభాగం, మెడ మొదట ఎర్రబడి, తరువాత నల్లబడి, గరుకుగా మారి పొలుసులు రాలేవి. మెడ చుట్టూ హారంలా కనిపించే ఆ మచ్చను నేటికీ కసాల్ హారమనే పిలుస్తారు. ఆ వ్యాధే పెల్లాగ్రా. విరేచనాలు, మతిభ్రమ దాని తదుపరి దశలు; చికిత్స లేకపోతే మరణం.

చాలాకాలం దీనిని అంటువ్యాధి అనుకున్నారు. 1914లో అమెరికా ప్రభుత్వం జోసెఫ్ గోల్డ్‌బెర్గర్‌ను విచారణకు నియమించింది. అనాథాశ్రమాలలో పిల్లలకు పాలు, మాంసం, గుడ్లు, చిక్కుళ్ళు పెంచగానే వ్యాధి మాయమైందని ఆయన చూపించారు. 1937లో కాన్రాడ్ ఎల్వేహ్యెం నికోటినిక్ ఆమ్లం, అనగా నియాసిన్ అనే బి విటమిన్, కుక్కలలో ఇదేవిధమైన వ్యాధిని నయం చేస్తుందని కనుగొన్నారు. మనుషులకూ అదే మందైంది.

జొన్న వేసిన చిక్కుప్రశ్న

మొక్కజొన్న సంగతి తేలింది. మొక్కజొన్నే ప్రధానాహారం కాని దక్కను పీఠభూమిలోనూ పెల్లాగ్రా ఎందుకు కనిపిస్తోంది? ఇక్కడి పేదల తిండి జొన్న. మన దేహం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కూడా నియాసిన్‌ను తయారుచేసుకోగలదు. 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్‌కు సుమారు 1 మిల్లీగ్రాము నియాసిన్ లెక్క. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ. జొన్నలో అంత కొరత లేదు. మరి లోపం ఎక్కడ?

1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ ఈ ప్రశ్నను చేపట్టింది. 1960లో డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ ఎస్. జి. శ్రీకంఠయ్య ఒక సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. జొన్నలో ల్యూసిన్ అనే అమైనో ఆమ్లం అధికమనీ, అది దేహంలో నియాసిన్ వినియోగానికి అడ్డుపడుతోందనీ దాని సారాంశం. తరువాతి పరిశోధనలన్నీ దీనిని ఒకే విధంగా బలపరచలేదు. శాస్త్రజ్ఞులలో చర్చ సాగింది. అయినా జొన్న ఒక్కటే తిని, పప్పు, పాలు, మాంసం కొనలేని కూలీలకే ఈ వ్యాధి వస్తోందన్న పరిశీలన మాత్రం చెక్కుచెదరలేదు.

1983లో మొదలైన రెండు రూపాయల కిలో బియ్యం పథకం వంటివి పేదల కంచాన్ని మార్చాయి. తిండిలో వైవిధ్యం పెరిగిన కొద్దీ పెల్లాగ్రా అరుదైపోయింది. ఇందుకు జొన్నను నిందించరాదు. పప్పు, ఆకుకూర, మజ్జిగ తోడున్న జొన్నరొట్టె నేడు మధుమేహ రోగులకు సైతం మంచి ఆహారమే. దోషం జొన్నది కాదు, జొన్న తప్ప మరేదీ లేని పేదరికానిది.

కారణాలు మారాయి

పెల్లాగ్రా పూర్తిగా పోలేదు. అతిగా మద్యం సేవించేవారిలో, క్షయకు ఐసోనియాజిడ్ వాడుతూ సరిగా తిననివారిలో నేటికీ రావచ్చు. దానికి నికోటినమైడు రోజుకు సుమారు 300 మిల్లీగ్రాములు, మోతాదులుగా విభజించి, ఇతర బి విటమిన్లతో కలిపి మూడు నాలుగు వారాలు వైద్యులు ఇస్తారు.

మిగతా కారణాలు కూడా ఇలాగే ఒక్కొక్కటిగా వెలుగులోకి వచ్చాయి. 1855లో థామస్ అడిసన్ అడ్రినల్ గ్రంథుల వ్యాధిలో ఒళ్ళంతా నల్లబడుతుందని వర్ణించారు. క్షయ ఆ గ్రంథులను దెబ్బతీయడం అందుకొక కారణం. 1963లో వేలూరు వైద్యులు వేళ్ళ కణుపులు, అరచేతులు నల్లబడటం బి12 లోపానికి గుర్తు కావచ్చని ప్రచురించారు. 1976లో మెడ, చంకలలో వెల్వెట్ బట్టలా మందంగా వచ్చే నలుపుకూ ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడానికీ గల సంబంధం స్పష్టమైంది. మెడమీది ఆ నలుపును మురికి అనుకొని పీచుతో రుద్దేవారు ఎందరో! వారికి కావలసింది రక్తంలో చక్కెర పరీక్ష.

బుగ్గలమీద వచ్చే మంగుకు ఎండ, గర్భధారణ, గర్భనిరోధక మాత్రలు, వంశపారంపర్యం కారణాలు. సుగ్గికి వెళ్ళి నెలల తరబడి ఎండలో పనిచేసే స్త్రీలలో ఇది మరింత ముదరవచ్చు.

ట్యూబుల యుగం

1952లో హైడ్రోకార్టిసోన్ పూతమందుగా చర్మవైద్యంలో ప్రవేశించింది. 1975లో ఫిలడెల్ఫియా వైద్యులు క్లిగ్‌మన్, విల్లిస్ హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, డెక్సామెథసోన్ కలిపి మంగుకు ఒక మందు రూపొందించారు. పరిమిత కాలం, వైద్యుని పర్యవేక్షణలో వాడితే అది నిజంగా పనిచేస్తుంది. మన దేశంలో ఇటువంటి స్టీరాయిడు మిశ్రమాలు ముఖం తెల్లబరిచే క్రీములుగా చేతులు మారాయి. రెండు వారాలు ముఖం మెరుస్తుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, రక్తనాళాలు పైకి కనిపించి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఆపగానే మంట, ఎరుపు, మునుపటికన్నా ముదురు నలుపు. హైడ్రోక్వినోన్‌ను ఏళ్ళ తరబడి పూస్తే నీలినలుపు మచ్చలు ఏర్పడి మొండికేస్తాయి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టీరాయిడు పూతమందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తర్వు ఇచ్చింది. చీటీ అడగని దుకాణం ఉన్నంతకాలం ఆ ఉత్తర్వును కాపాడుకోవలసినది మనమే.

విచిత్రమేమంటే, ఒకనాడు పెల్లాగ్రాను నయం చేసిన నియాసినమైడే నేడు మచ్చల సీరంగా ఖరీదైన సీసాలలో అమ్ముడవుతోంది. మెలనిన్ రేణువులు పైపొర కణాలలోకి చేరడాన్ని అది కొంత తగ్గిస్తుందని 2002లో పరిశోధకులు చూపించారు. కొందరికి మేలు చేస్తుంది. బి12 లోపాన్నో మధుమేహాన్నో మాత్రం ఏ సీరమూ తీర్చలేదు.

పాఠకులకు నా సలహా

నలుపు ఎక్కడ ఉందో, ఎప్పటినుంచి ఉందో, మీ పని, తిండి, వాడే మందులు ఏమిటో వైద్యునికి చెప్పండి. వాడిన ట్యూబు ఖాళీదైనా వెంట తీసుకువెళ్ళండి. అవసరమైతే చక్కెర, బి12, థైరాయిడ్ పరీక్షలు చేయించుకోండి. చేలో పనిచేసేవారికి తలగుడ్డ, పొడుగు చేతుల చొక్కా మొదటి మందు, వీలున్నవారు ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గని సన్‌స్క్రీన్‌ను ఆరుబయట ఉన్నప్పుడు రెండు మూడు గంటలకొకసారి పూసుకోవాలి. అజిలాయిక్ ఆమ్లం, ట్రెటినాయిన్, కొందరికి ట్రానెగ్జామిక్ ఆమ్లం మాత్రలు వైద్యులు ఎంచే మార్గాలు. రక్తం గడ్డకట్టే ధోరణి ఉన్నవారికి ఆ మాత్రలు పనికిరావు. గర్భిణులు ట్రెటినాయిన్, హైడ్రోక్వినోన్ ముట్టరాదు. ఏ చికిత్సకైనా కనీసం రెండు మూడు నెలల ఓపిక కావాలి. ఇప్పటికే స్టీరాయిడు క్రీముకు అలవాటుపడినవారు ఒక్కసారిగా ఆపకుండా చర్మవైద్యుని సలహాతో మానుకోవాలి.

పుట్టుకతో వచ్చిన చామనఛాయకు ఈ మందులేవీ అక్కరలేదు. అది వ్యాధి కాదు.