ఒపేరా పేరిట వెలసిన భవనము

ఒక భవనమునకు పెట్టిన పేరు ఒక కళది, దానిలోని పెద్ద శాల మరియొక కళది అగుట వింతయే. ఆస్ట్రేలియా దేశమునందలి సిడ్నీ రేవులో, మూడు ప్రక్కల నీరు గల కొనపై, తెల్లని తెరచాపల వంటి కప్పులతో నిలిచిన ఒపేరా భవనమును చిత్రములలోనైనను చూడనివారు అరుదు. కాని అందలి పెద్ద శాలలో ఒపేరాకు స్థిరనివాసము దొరకలేదను సంగతి చాలమంది యెరుగరు. అది ఎట్లు జరిగినదో ఈ ప్రసంగమున చెప్పదలచితిమి. ఆ కథలో మా వంటి రేడియోవారికి గొప్ప పాత్రయే కలదు. కనుక దానిని దాచక చెప్పుట మా విధి యని తలచుచున్నాము.

ఒపేరా యనగా పాటతో నడచు నాటకము. మన యక్షగానమును ఎరిగినవారికి దాని తీరు బోధపడుట కష్టము కాదు. బాలే యనగా మాట లేక నృత్యముతోనే కథ నడపు ప్రదర్శనము. ఈ రెండింటికిని లోతైన రంగస్థలము, ఇరుప్రక్కల విశాలమైన చోటు, తెరలను పైకి లాగుటకు ఎత్తు, వేదిక ముందు వాద్యబృందము కూర్చుండుటకు పల్లము కావలెను. కేవల వాద్యగోష్ఠికి ఇవి యేవియు అక్కరలేదు. దానికి కావలసినది నాదము కొంతసేపు నిలిచి, నిండుగా మ్రోగు శాల. ఒకే శాల ఈ రెండు పనులను చేయగలదా యన్నదే సిడ్నీ కథకంతకును మూలప్రశ్న.

ఆ కొనను అచ్చటి ఆదివాసులగు గాడిగల్ జనులు టుబౌగులే యని పిలిచెడివారు. ఆంగ్లేయుల వలస నెలకొన్న తరువాత, 1790లో గవర్నరు ఆర్థర్ ఫిలిప్, బెన్నెలాంగ్ అను ఆదివాసికి అచ్చట ఒక చిన్న ఇల్లు కట్టించెను. ఆ స్థలమునకు అతని పేరే నిలిచినది. పిమ్మట అచ్చట ఒక కోట, కోట పోయి ట్రాముబండ్ల కొట్టము వెలసినవి. అట్టి చోట సంగీతమందిరము ఉండవలెనని పట్టుబట్టినవాడు యూజీన్ గూసెన్స్. ఆయన 1947లో సిడ్నీ సింఫనీ వాద్యబృందమునకు ప్రధాన నిర్వాహకుడుగా వచ్చెను. ఆ బృందమును పోషించుచుండినది ఆస్ట్రేలియా రేడియో సంస్థయే. కచేరీలు నగరపు టౌన్ హాలులో జరుగుచుండెడివి. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్ర ప్రధాని జోసెఫ్ కేహిల్ 1954లో గూసెన్స్ కోరికను చేపట్టెను. నమూనాలకై అంతర్జాతీయ పోటీ ప్రకటింపబడెను.

పోటీకి 233 నమూనాలు వచ్చెను. 1957 జనవరి 29న డెన్మార్కు దేశపు శిల్పి యోర్న్ ఉట్జన్ గెలుపొందెను. అప్పటి కాయన వయస్సు 38 ఏండ్లు. పోటీ నియమముల ప్రకారము పెద్ద శాలలో వాద్యగోష్ఠులును, పెద్ద ఒపేరాలును, బాలేయును జరుగవలెను. చిన్న శాల ముఖ్యముగా నాటకములకు. చిక్కు కాగితముపైననే పుట్టినదని ఇప్పుడు మనకు తెలియుచున్నది.

1959 మార్చిలో పని మొదలయ్యెను. కప్పులను ఏ రూపమున కట్టవలెనో ఇంకను తేలకముందే పునాదులు లేచెను. ఓవ్ ఆరప్ సంస్థ ఇంజనీర్లు ఏండ్ల తరబడి లెక్కలు వేసిరి. తుదకు 1961లో, కప్పులన్నియు ఒకే గోళమునుండి కోసిన ముక్కలుగా ఉండవలెనను ఊహ స్థిరపడెను. దానివలన కాంక్రీటు దూలములను అచ్చులలో పోసి, వరుసగా పేర్చుట సాధ్యమయ్యెను. వానిపై పది లక్షలకు పైగా స్వీడన్ దేశపు పింగాణి పెంకులు అమర్చిరి. ధనమును చాలవరకు లాటరీల వలన కూడబెట్టిరి.

1965లో ప్రభుత్వము మారినది. ఆలస్యమునకును, వ్యయమునకును శిల్పిని బాధ్యుని చేసిరి, చెల్లింపులు ఆగెను. 1966 ఫిబ్రవరి 28న ఉట్జన్ పనినుండి తొలగెను. ఆయనను మరల పిలువుడని ప్రజలు వీధులలో ఊరేగిరి, ఫలితము లేకపోయెను. ఆయన ఆ దేశమును విడిచి వెళ్లి, ఆ భవనము పూర్తియైన తీరును కన్నులార చూడకయే 2008లో మరణించెను. లోపలి పనిని పీటర్ హాల్ ప్రభృతులు చేపట్టిరి.

ఇచ్చటనే రేడియో సంస్థ రంగమున ప్రవేశించెను. రెండు పనులకు ఒకే శాల యైనచో తమకు కావలసినన్ని ఆసనములును, కావలసినంత నాదపు నిలుకడయు రావని వారు స్పష్టముగా చెప్పిరి. 1967లో ప్రభుత్వము ఆ వాదమును అంగీకరించెను. పెద్ద శాల కేవలము వాద్యగోష్ఠులకు కేటాయింపబడెను. అప్పటికే అందు అమర్చిన రంగయంత్రములను ఊడదీసిరి. ఒపేరాయు, బాలేయు చిన్న శాలకు తరలిపోయెను.

1973 సెప్టెంబరు 28న ఆ చిన్న శాలలో ప్రొకోఫియెవ్ రచించిన ‘యుద్ధము-శాంతి’ ఒపేరా తొలిసారి ఆడెను. అక్టోబరు 20న రెండవ ఎలిజబెత్ రాణి భవనమును ప్రారంభించెను. మొదట 70 లక్షల డాలర్లని అంచనా వేసిన పనికి 10 కోట్ల 20 లక్షల డాలర్లు వ్యయమయ్యెను. కాని కళాకారులకు కలిగిన ఇబ్బంది డాలర్లతో కొలువరానిది. ఒపేరాశాలలో ఆసనములు సుమారు 1,500 మాత్రమే. వాద్యకారులు ఇరుకైన పల్లములో, వేదిక క్రింద, ఒకరి నొకరు రాచుకొని వాయించవలసి వచ్చెను. రంగస్థలపు ప్రక్కల చోటు చాలక, బాలే నర్తకులు ఎగిరి తెర చాటునకు పోవునప్పుడు వేగమును గట్టిగా అదుపు చేసికొనవలసి వచ్చెను.

రేడియోవారిది అపరాధమా? వారి వాదము అసత్యము కాదు. నాదమునకు ఒక శాల, నాటకమునకు మరియొక శాల అవసరమన్నది నిజమే. వాద్యబృందమునకు తగిన ఇల్లు కావలెనని కోరుటయు న్యాయమే. కాని చెవితోనే లోకమును కొలుచు వృత్తి మాది. శ్రోతకు వినబడని పాదముల కదలిక మా లెక్కకు రాకపోవుట సులభము. ఆనాడు నర్తకుల పక్షమున అంతటి బలముతో మాటాడువారు ఉండియున్నచో, ఆ చిన్న శాల వెడల్పును గూర్చి ఎవరైనను రెండవసారి ఆలోచించియుందురేమో!

నాదమునకై కోరుకొన్న పెద్ద శాలయు చాలకాలము వాద్యకారులను పూర్తిగా తృప్తిపరుపలేదు. అందు ధ్వనిని సవరించుటకు 2020లో శాలను మూసి, 2022లో మరల తెరచిరి. ఒపేరాశాలకు 2012లో ఆ దేశపు మహాగాయని జోన్ సదర్లండ్ పేరు పెట్టిరి. 2017లో అందలి పాత రంగయంత్రములను మార్చిరి. 1999లో ప్రభుత్వము ఉట్జన్‌తో రాజీపడి, ఇకముందు మార్పులకు ఆయన సలహాను కోరెను. ఆయన అంగీకరించెను. 2004లో ఆయన పేరిట ఒక గది సిద్ధమయ్యెను. 2007లో ఆ భవనము ప్రపంచ వారసత్వ సంపదలలో చేరెను.

కనుక సిడ్నీ భవనమును చిత్రములో చూచినపుడు దాని కప్పుల సొగసును మెచ్చుకొనుడు; తప్పులేదు. దానితోపాటు, ఆ కప్పుల క్రింద ఇరుకు పల్లములో ఫిడేలు పట్టిన వాద్యకారుని, తెర చాటున అడుగును ఆపుకొను నర్తకిని గూడ ఒక్క క్షణము తలచుకొనుడు. కళకు ఇల్లు కట్టువారు, ఆ ఇంట కాపురము చేయువారిని పునాదికి ముందే అడుగవలెను. ఆ అడుగుటలో గొంతు పెద్దదైనవారి మాటతోపాటు, మాట లేక ఆడువారి అవసరమును గూడ వినవలెను.