జాబ్

జీతమిచ్చే పనికి ఇంగ్లీషులో అతి మామూలు మాట. 16వ శతాబ్దంలో దీనికి చేసి వదిలేసే చిన్న పని అనే అర్థముండేది. కొలువు అనే అర్థం తర్వాత వచ్చింది. పాత అర్థం పోలేదు: ప్రింటింగ్ ప్రెస్సులో శుభలేఖలు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు వేయడాన్ని నేటికీ జాబ్ వర్క్ అనే అంటారు.

పర్యాయపదాలు ఒకదాని చోట ఒకటి ఒదగవు. ‘వర్క్’ లెక్కపెట్టలేని నామవాచకం. ‘నాకో పని ఉంది’ని మనవాళ్లు ‘ఐ హావ్ ఎ వర్క్’ అనేస్తారు. ఆ ‘ఎ’ తప్పు, ‘సమ్ వర్క్’ అనాలి. వైద్యం, న్యాయవాదం వంటి శిక్షణ కోరే వృత్తి ప్రొఫెషన్. ఏళ్ల తరబడి సాగే ఉద్యోగ ప్రస్థానం కెరీర్. ‘ఆక్యుపేషన్’ ఎక్కువగా దరఖాస్తుల్లోనే కనిపిస్తుంది. జాజ్ సంగీతకారుల కచేరీ మాట ‘గిగ్’ ఇప్పుడు డెలివరీ, క్యాబ్ పనులకూ పాకింది.

తెలుగులో ‘జాబ్ కొట్టాడు’ అంటే నెలజీతం ఖాయమైందని. సేద్యాన్ని, కూలిని ఎవరూ జాబ్ అనరు. అయితే 2005 నాటి ఉపాధి హామీ చట్టం కూలీల చేతికిచ్చిన పుస్తకం పేరు మాత్రం జాబ్ కార్డే.